పచ్చాకు పొగ

పులివెందులకు అవతల ఒక పల్లె. సాయంత్రం. అంకమ్మ ఇంటి పెరట్లో మునగకొమ్మకు తేనెటీగల గుంపు ముద్దగా వేలాడుతోంది. నిచ్చెన మీద సంజీవయ్య. కింద పిడక రాజేస్తూ అంకమ్మ.

"ఆర్పేయ్ వదినా! ఆ పిడక ఆర్పేయ్! ఎవురు రాజెయ్యమన్యారు నిన్ను?"

"ఏందప్పా సంజీవయ్యా, అట్లరుస్తాండావు? ఈగలు దిగల్లంటే పొగ ఎయ్యద్దా? నీకు సాయం చేద్దామని..."

"పొగొద్దు. నీళ్లు పొయ్యి దానిమింద. బిన్నా పొయ్యి."

"పోస్తాండా, పోస్తాండా. ముందు నిచ్చెన గట్టిగా పట్టుకో, పడేవు. తేనె తీసేదాంట్లో మీ నాయన తర్వాత నువ్వే అంటారు. పొగకు భయపడేటోణ్ణి నిన్నే చూస్తాండా."

"భయం గాదు. వీటికి పొగ అక్కరలేదు. ఇవి ఇల్లు ఎతుక్కుంటా వచ్చినేటివి. కడుపునిండా తేనె తాగొచ్చింటాయి, మన జోలికి రావు. రోన్ని నీళ్లు చిలకరిస్తే రెక్కలు తడిసి గమ్మునుంటాయి. ఆ చెంబు ఇట్లందియ్యి."

"ఇదో. అబ్బా, ఎన్ని ఈగలప్పా! మన పల్లెలో ఈగ మొగం చూసి ఎన్నేండ్లయ్యింటాది?"

"మీ చీనీతోట నరికినప్పటినుంచి లేవు."

"పెట్టె యాడ పెట్టల్ల?"

"ఆ తులసి వరస పక్కన. తూరుపు మొగం పెట్టు. పొద్దుటి ఎండ తగలల్ల, మధ్యానానికి నీడ రావల్ల. నాలుగు కాళ్ల కింద నాలుగు చిప్పల్లో నీళ్లు పొయ్యి, చీమలెక్కకుండా."

"ఏడాదిగా నువ్వు చెప్పింది చేసేదే నా పనాయె. కొత్తిమీర కొయ్యొద్దు, పూతకు రానీ అంటావు. బంతిపూలు దేవునిక్కూడా తెంపొద్దంటావు. నువ్వులు మడికట్టి చల్లినావు, ఎవురు తినేకి? నీళ్లతొట్లో గులకరాళ్లు ఏసినావు, చూసినోళ్లు నవ్వుతాండారు."

"రాళ్లెయ్యకపోతే ఈగలు మునిగి సస్తాయి వదినా. రాయి మింద కూర్చోని తాగల్ల అవి."

"పక్కచేని మాబున్నిని గూడా సతాయిస్తివంట."

"సతాయించలా. పత్తికి మందు పొద్దుగూకినాక కొట్టుకోమ్మా, ఈగలు ఇండ్లకు పోయింటాయి అని చెప్పినా. సరే మామా అనింది. మంచిది పాపం."

"అంతా ఒక సొరపాదు కోసం! పూసేది, రాలేది. పూసేది, రాలేది. మూడేండ్లుగా ఒక్క పిందె నిలిచింది లేదు. మా సుభాషిణి ప్రొద్దుటూరు కాలేజీలో ఏం చదివిందో, 'అమ్మా, ఈగలు వాలకపోతే కాయలు కావు, ఇంటెనక పూలచెట్లు పెట్టు' అనె. నాలుగు బంతిచెట్లు పెట్టుకుందామనుకుంటి. నువ్వు పిలవకుండానే గడ్డపార భుజానేసుకోని దిగబడితివి."

"నాకు తెలిసిన పని గదా అని."

"ఏడాదిగా వస్తాండావు. కూలి తీసుకోవు. కాఫీ ఇస్తే తాగవు."

"తాగుతాలే ఇంకోపొద్దు."

"ఇంకోపొద్దు, ఇంకోపొద్దు. మా ఇంట్లో మంచినీళ్లు గూడా ముట్టవే! రాజీ అయ్యి పదేండ్లాయె. మీ వీధి పార్టీ పెద్దోళ్లు, మా వీధి పార్టీ పెద్దోళ్లు ఒకే జెండా కట్టుకోని ఒకే జీపులో తిరుగుతాండారు. పగ నీకొక్కనికే మిగిలిందా?"

"పగా? నాకా? నీ మిందనా? అట్ల అనొద్దు వదినా."

"మల్ల ఏంది?"

"ఆ గోనెపట్ట తడిపి ఇయ్యి. కొమ్మ రోంత వంచల్ల."

"ఇదో. అడిగినదానికి జవాబు చెప్పవు గానీ. చీనీ అంటు గూడా తెచ్చి పెట్టినావు ఆ మూలకు, నాతో చెప్పకుండా."

"చీనీపూత వాసనకు ఈగలు మైలు దూరం నుంచి వస్తాయి. నువ్వు పీకేసినావు."

"పీకేస్తా. మల్ల పెట్టినా పీకేస్తా. మా ఆయన పోయిన మూడోనాడు, బూడిద గూడా సల్లారలా, మూడొందల చెట్లు నరికిరి. కాయలతో ఉండేటివి. పసుపచ్చగా నేలంతా దొర్లుతాండె. చీనీచెట్టు నా కండ్లకు కనపడొద్దు."

"సరే వదినా. పెట్టను."

"తేనె ఎప్పటికొస్తాది దీంట్లో?"

"ఈగలు నిలిస్తే మూడు నెల్లు. మొదటి పట్టు నీకే. చెట్టుగలోళ్ల వంతు."

"వంతు నాకొద్దు."

"ఆచారం వదినా, కాదంటే ఎట్ల? మా నాయన కాలంనుంచి అంతే. పొగ లేచిందంటే చెట్టుగలోళ్ల ఇంటినుంచి గిన్నె రావల్ల. ఆ గిన్నె నిండినాకనే మాది మేం ఎత్తుకోవల్ల. మీ తోటలో పట్టు కొట్టిన ప్రతితూరీ మీ పనామె గురమ్మ గిన్నె ఎత్తుకోని వస్తాండ్లా?"

"తెలుసులే. తెలుసులే. నాకొద్దంటాండా గదా. ఊర్లోవాళ్లకు పంచు."

"సుభాషిణి చెప్పింది, ఇంట్లోకి తేనె రానియ్యవంట. దానికెంత దగ్గొచ్చినా శొంఠి కషాయమేనంట."

"నాకు పడదు. నువ్వు మాట మార్చొద్దు. పొగ అంటే అంత ఉలికిపాటు యాల నీకు? గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నెట్ల."

"ఏం లేదు."

"ఏం లేకపోతే కిందికి దిగి నా మొగం చూసి చెప్పు."

"ఉండు. రాణి చిక్కింది. ఇదో, పెట్టెలో దింపినా. ఇంక అన్నీ దానెంటే పోతాయి. చూడు, చూడు, ఎట్ల బారుకడ్తాండాయో! దిగుతాండా."

"కూర్చో. ఇదో నీళ్లు. తాగు."

"వద్దు."

"తాగు అంటాండా."

"తాగలేను వదినా. నేనేం చేసినానో తెలిస్తే ఆ చెంబుతో నెత్తిన కొడ్తావు, నీళ్లియ్యవు."

"చేసిన పాపం చెప్పుకుంటే పోతాదంటారు. చెప్పు. కొట్టేదుంటే తర్వాత కొడ్తా."

"వీరన్న పోయిన పొద్దు..."

"ఆయన మాటా?"

"ఆ పొద్దు తోటలో లేచిన పొగ నాది."

"అది ఊరంతా తెలుసు. యాపచెట్టు మింద తేనె తీస్తాంటివి. బాంబులు పడినాక దువ్వూరుకు, మీ చెల్లెలింటికి పారిపోతివి. ఎవురైనా పారిపోతారు."

"తేనె తియ్యలా వదినా. పట్టు ముట్టుకోనే లేదు. వట్టి పొగ. పచ్చాకు కప్పి లేపిన పొగ."

"వట్టి పొగ యాల?"

"గుర్తు."

"ఏం గుర్తు?"

"వీరన్న తోటలో ఉండాడని గుర్తు. వారం ముందర మా పార్టీవాళ్లు నన్ను ఇడుపులపాయ కొండల్లో పట్టుకున్యారు. 'తేనె తీసేటోడు ఎవురి తోటలోకి పోయినా ఎవురూ అనుమానపడరు. వీరన్న తోటకొచ్చిన పొద్దు పచ్చాకు పొగ లేపు. మేం వంకలో ఉంటాం. వారంలోపల పొగ కనపడలా, నీ తమ్ముడు రామన్న తలకాయ ఉండదు' అన్యారు."

"లేపితివి."

"లేపితి."

"లేపితివి! ఆయన నిన్ను సొంత తమ్మునిమాదిరి చూసుకున్యాడే! మా ఆవు ఈనితే మొదటి జున్ను మీ ఇంటికి రాలేదా? ఎవురో ఉప్పందించినారు, ఎవురో ఉప్పందించినారు అని మావాళ్లు పద్దెనిమిదేండ్లుగా గొణుక్కుంటాండారే, అది నువ్వా? నా పెరట్లో, నా కండ్ల ముందర, ఏడాదిగా తవ్వుతాండేది నువ్వా? లేయ్. లేయ్ ఈడనుంచి! ఆ పెట్టె ఎత్తుకోని పో. పూలమొక్కలన్నీ పొద్దున్నే పీకేస్తా. సొరకాయా వద్దు, ఏమీ వద్దు."

"పోతా వదినా. పోయి మల్ల రాను. పోయేముందర ఒక్కమాట. నేను పొగ లేపింది ఆయన లేని పొద్దు."

"ఏందీ?"

"ఆరు దినాలు ఆయన తోటలోనే ఉన్యాడు. చెట్లకు పాదులు చేపిస్తాండె. నేను ఆడే తిరుగుతాంటి, అగ్గిపెట్టె జేబులోంచి తియ్యలా. ఏడోదినం జమ్మలమడుగు కోర్టులో ఆయనకు వాయిదా. పొద్దున్నే జీపులో మనుషులతో పోయింది నా కండ్లతో చూసినా. వాయిదాకు పోతే యానాడన్నా పొద్దుగూకక ముందర వచ్చినాడా?"

"లేడని తెలిసే లేపితివా?"

"తెలిసే."

"లేడని తెలిసీ?"

"తెలిసే వదినా! పొగ చూసి వాళ్లొస్తారు, తోటలో ఎవురూ ఉండరు. 'ఉన్యాడు, మీరొచ్చేలోపల పాయ' అని చెప్తా. నా తమ్ముడూ బతుకుతాడు, అన్నా బతుకుతాడు. అదీ నా తెలివి."

"ఆయన చెవిలో ఒక్కమాట ఏసింటే పోయేది గదా!"

"ఏసింటే మీవాళ్లు ఆ పొద్దే మా వీధి మింద పడేవాళ్లు, పది తలకాయలు లేచేటివి. అట్ల అని నాకు నేను చెప్పుకుంటాండా. నిజం అది గాదు వదినా. భయం. ఉట్టి భయం. చెప్పేద్దామని రెండుతూర్లు మీ గడపదాకా వచ్చినా. రెండోతూరి నువ్వు ఎదురొచ్చి, 'ఎండనబడి వచ్చినావు' అని మజ్జిగిస్తివి. తాగి, మూతి తుడుచుకోని, పోతి. ఆ మజ్జిగ గొంతులో ఈ పొద్దుటికీ దిగలా. నీ ఇంట్లో నీళ్లు ఎట్ల ముట్టుకుంటా?"

"మల్ల?"

"మల్ల ఏముండాది? మధ్యానం పొగ లేపి, గట్టెక్కి కొండ దిక్కు పోతాండా. నవ్వుకుంటా పోతాండా వదినా, అందర్నీ బోల్తా కొట్టిస్తి అని. అప్పుడు బాంబు మోత. ఒకటి. మల్ల రెండు, మూడు. లేని మనిషి మింద బాంబులు యాల ఏస్తాండారు అనుకుంటి."

"సాలు."

"సాల్లే. ఒక్కటి చెప్పు, పోతా. ఆయన యాల వచ్చినాడు వదినా? అదే నన్ను తింటాండేది. జమ్మలమడుగులో ఉండాల్సిన మనిషి! ఎవురన్నా పిలిచినారా? నా మింద అనుమానపడి నన్ను పట్టుకుందామని వచ్చినాడా? దువ్వూరులో ఎనిమిదేండ్లు ఉంటి, ఈడికొచ్చి పదేండ్లాయె, ఏ రాత్రి పండుకున్యా అదే. యాల వచ్చినాడు?"

"లాయర్లు స్ట్రైకంట ఆ పొద్దు. కోర్టు జరగలా. పన్నెండుకే ఇంటికొచ్చె."

"సరే. ఇంటికొచ్చె. ఆ మండే ఎండలో ఇంట్లో పండుకోకుండా తోటకు యాల?"

"చీకటి పడ్తాంది. ఈగలన్నీ పెట్టెలోకి పోయినాయేమో చూడు."

"పోయినాయి. వదినా..."

"మూత సరిగ్గా పెట్టు. పొద్దున్నే ఎగిరిపోతాయేమో."

"పోవు. పూలుండాయి గదా, యాడికి పోతాయి? ఏంది వదినా, ఎత్తుకోని పో అంటివి ఇంతకుముందు?"

"ఉండనీ. ఈగలేం పాపం చేసినాయి. నువ్వు గూడా కూర్చో."

"నన్ను తిట్టు వదినా. కొట్టు. ఇట్ల సల్లగా మాట్లాడొద్దు, నాకు భయమైతాంది."

"చెప్పుకుంటివి గదా సంజీవయ్యా. పోయిందా?"

"పోలా."

"రోంతన్నా?"

"రోంత గూడా పోలా. నీ మొగం చూస్తే ఇంకా పెరిగింది."

"అయితే నేను చెప్పుకున్యా పోదు."

"నువ్వా? నువ్వేం చెప్పుకోవల్ల?"

"ఆ పొద్దు గురమ్మ పనికి రాలా. సుభాషిణికి నాలుగేండ్లు. దగ్గి దగ్గి తాగిన పాలు కక్కుకుంటాంది, సంకనుంచి దిగడంలా. దాన్ని ఎత్తుకోని మిద్దెమింద మిరపకాయలు తిరగేస్తాంటే తోట దిక్కు పొగ కనపడె."

"వద్దు వదినా..."

"ఆయన అప్పుడే కాళ్లు కడుక్కోని అన్నానికి కూర్చున్యాడు. 'సంజీవయ్య తేనె తీస్తాండాడు, మన వంతు ఎత్తిపెట్టింటాడు, పాపకు కావల్ల' అంటి. అలిసొచ్చినా, సాయంత్రం పోతా అన్యాడు. పెట్టే అన్నం ఆపి, ఇప్పుడే పో అంటి. మనుషుల్ని పిలుచుకోని పోతా ఉండు అన్యాడు. తేనెకు పోయేకి ఎనక మనుషులెందుకప్పా అని నవ్వి, గిన్నె చేతికిచ్చి, నీ పొగ దిక్కు ఒక్కణ్ణే తోలింది నేనే."