ఓబుళమ్మ ఏటి అవతలికి మోసిన కూడు

ఓబుళమ్మని ఒగామె ఉన్నెంట, ముద్దనపల్లె బళ్లో పిల్లోళ్లకు మధ్యాన్నం అన్నం వండే ఆమె. నలభై ఐదేండ్లుంటాయి అనుకో అప్పటికి. మొగుడు లేడు, కూతురికి పెండ్లి చేసి పంపిచ్చింది, ఇంట్లో ఒక్కతే. మనిషి చూస్తే మొగోడంత పొడుగు, మాట మాత్రం మెత్తన. పిల్లోళ్లు కంచాలు తన్నుకున్యా, అన్నం కింద పోసుకున్యా ఒగ తిట్టు తిట్టింది లేదంట. నువ్వు రాసుకుంటాండవు గదా సామీ, ఇది కూడా రాసుకో, ఇదేం రాజుల కాలం నాటి కత గాదు. ఇరవై ఏండ్లయింటాది, అంతే. నేను కండ్లారా చూల్లేదు, చూసినోళ్లు చెప్పింది చెప్పినట్టు చెప్తాండ.

ఆ యేటికి కరువొచ్చి మూడేండ్లు. చెనిక్కాయ చెట్లు పూత మీదనే మాడిపాయె. బోర్లలో గాలి తప్ప నీళ్లు లేవు. వయసులో ఉన్నోళ్లంతా బెంగుళూరికి పనికి పోయినారు, ఇండ్లకాడ ముసిలోళ్లూ పిల్లోళ్లూ మిగిలినారు. బడి ఉన్న దినాల్లో మధ్యాన్నం ఒగ పూటన్నా కడుపు నిండేది. సెలవులిస్తే పిల్లోళ్లు ఎగరాల గదా? ఆ యేడు సెలవులంటే ఏడ్చిన పిల్లోళ్లు ఉన్నారంట. నవ్వొద్దండీ, నిజం. అప్పుడు ఏమైందంటే, ఎవురు చెప్పినారో ఏమో, పైనుంచి కాగితం వచ్చె. కరువు ఊర్లల్లో ఎండాకాలం కూడా బళ్లో అన్నం పెట్టాల, పాఠాలు లేకపోయినా సరే, పొయ్యి ఆరగూడదు అని. ఓబుళమ్మకూ, ఆమెతో పాటు వండే కుళ్ళాయమ్మకూ ప్రాణం లేచొచ్చింది. మల్ల పొయ్యి ముట్టిచ్చినారు.

అంతా బాగుంది గానీ, ఏరొకటి ఉంది గదా నడాన. ఏటికి ఈ పక్క ముద్దనపల్లె, ఆ పక్క గుండ్లకాడిపల్లె. ఆ పల్లెలో బడి లేదు. ఇరవై రెండు మంది పిల్లోళ్లు, బడి ఉంటే పొద్దున్నే సల్లటి పూట ఏట్లో నడిచొచ్చి, మాపటేళకు పోయేటోళ్లు. ఇప్పుడు కూటి కోసరం మిట్టమధ్యాన్నం రావాల. ఈ గట్టు నుంచి ఆ గట్టుకు అర మైలు ఇసక, చెట్టు లేదు నీడ లేదు, కాళ్లకు చెప్పుల్లేవు. ఆ ఇసకలో చెనిక్కాయలేస్తే ఏగిపోతాయి అనుకో. మూడు దినాలు వచ్చిరి. నాలుగో దినం మల్లీశ్వరని ఏడేండ్ల బిడ్డ, అన్నం తిని పోతా పోతా నడి ఏట్లో పడిపాయె. నోట్లో నురగ. మోసకపోయి నీళ్లు చల్లితే గానీ కన్ను తెరవల్యా.

ఆ బిడ్డ తాత సిద్ధన్న. పౌరుషం మనిషి. కొడుకూ కోడలూ బెంగుళూర్లో ఇటికెలు మోస్తాంటే, మనవరాల్ని ఈయన సాకుతాండాడు. ఆయన కట్టె పట్టుకోని బడికాడికొచ్చి, "ఏమ్మే ఓబుళమ్మా, మా పిల్లోళ్లు ఇంక రారు. తేరగా వచ్చే కూటికి ఆశపడి ఎండకు సావాల్నా? ఉంటే తింటారు, లేకుంటే నీళ్లు తాగి పండుకుంటారు. గుండ్లకాడిపల్లెలో పుట్టినోడు అడుక్కుని తిన్న దాఖలా లేదు" అన్యాడంట. ఓబుళమ్మ, "అది తేరగా వచ్చేది గాదు మామా, పిల్లోళ్లదే" అనేలోపల తిరుక్కొని పాయె.

మర్సటి దినం పిల్లోళ్లు కూచున్యారు, సగం వరస ఖాళీ. డేక్షాలో అన్నం అట్టనే మిగిలిపాయె. ఓబుళమ్మ దాని తట్టే చూస్తా నిలబడిందంట. కుళ్ళాయమ్మ, "అక్కా, ఇది కుక్కలకెయ్యాల్నా?" అంటే, "నోరు మూసుకో" అనిందంట. ఆమె నోట్లోనించి అంత గట్టిగా రావడం అదే మొదలు. నేరుగా బడి అయివారి దగ్గరికి పోయి, "సార్, నేను ఆ గట్టుకు మోసకపోయి పెడతా" అనింది. అయివారు భయం మనిషి. "బళ్లో పెట్టమని రాసినారు గానీ మోసకపోయి పెట్టమని యాడ రాసినారమ్మా? ఏమన్నా అయితే నా మెడకు చుట్టుకుంటాది" అన్యాడు. "ఏమయితాది సార్, ఇసకలో నడిచేదానికి?" అంటే ఆయన కాసేపు గోడ తట్టు చూసి, "నేను చూల్యా. నువ్వు యా పక్క పోయినావో నాకు తెలీదు. పో" అన్యాడంట.

ఇంక ఆ పొద్దు నుంచి మొదలు. నెత్తిన చుట్టకుదురు, దాని మీద డేక్షా, అన్నమూ పప్పూ కలిపేసి పైన మూత. చేతిలో కలిపే తెడ్డు. కాళ్లకు పాత టైరు చెప్పులు. అర మైలు పోను, అర మైలు రాను. ఆ గట్టు మీద చింతచెట్టు కింద పిల్లోళ్లు కంచాలు పట్టుకోని కూచునేటోళ్లు. రెండు మూడు దినాలు అట్ట కూచున్యారు. తర్వాత్తర్వాత ఆమె ఏట్లో దిగిందని కనపడితే చాలు, గట్టు దిగి ఎదురుగా పరుగు. ఆమె డేక్షా తాకాల, ఆమె కొంగు పట్టుకోవాల, ఎవురు ముందు పట్టుకుంటే వాళ్లది గెలుపు. "పరిగెత్తొద్దురా, కాళ్లు కాల్తాయి" అంటాది, ఎవురింటారు? సిద్ధన్న మనవరాల్ని ఆపలేకపాయె. తిననిచ్చినాడు గానీ ఆయన ఆ తట్టు చూడడు, చింతమాను అవతల వీపు తిప్పి కూచుంటాడు. ఓబుళమ్మ, "మామా, నువ్వూ ఒగ ముద్ద తిను" అంటే ఇననట్టే ఉంటాడు.

ఇప్పుడు ఇనండి. పదిహేడో దినమో పద్దెనిమిదో దినమో. ఆ పొద్దు గుడ్లు. వారానికొకసారి ఉడకబెట్టిన గుడ్డు పెట్టాల పిల్లోళ్లకు, ఆ పొద్దు ఆ దినం. ఇరవై రెండు గుడ్లు గుడ్డలో మూట కట్టి అన్నం మీద పెట్టింది. ఎండ కాసేది కాస్తానే ఉంది. కాకపోతే పడమర కొండల మీద మాత్రం నల్లగా కమ్ముకోనుంది, కాటిక పూసినట్టు. కుళ్ళాయమ్మ చూసి, "అక్కా, కొండల్లో వాన దంచినట్టుంది. పొద్దున్నుంచీ ఉరుములు. ఈ పొద్దు పోవాకు" అనింది. ఓబుళమ్మ నిలబడి చూసింది, చూల్లేదని గాదు. చూసి, "మూడేండ్లాయె ఏట్లో చుక్క నీళ్లు చూసి. కొండల్లో పడింది కొండలే తాగుతాయి. పిల్లోళ్లు గుడ్ల కోసరం నిన్నట్నుంచీ కాచుకోనుంటారు" అని దిగిందంట. తప్పు ఆమెదే, ఆ మాట ఆమె కూడా చెప్తాది.

ఈ ఏటి సంగతి తెలుసు గదా మీకు, పడమర తట్టు మలుపుంటాది, మలుపు అవతల ఏముందో కనపడదు. ఇంకోటి, ఆ గట్టు పక్కనే పల్లం. నీళ్లొస్తే మొదులు పారేది ఆ పల్లంలోనే. నడాన ఇసక దిబ్బగా ఉంటాది. ఆమె సగం దాటింది. దాటేటప్పటికి మొకానికి సల్ల గాలి కొట్టె. ఎండలో సల్ల గాలి! తడి మట్టి వాసన. ఆమె నిలబడె. ఏదో చప్పుడు, దూరంగా, రాళ్ల మీద బండ్లు వరసగా తోలినట్టు. బండ్లు ఈ దావన యాడివి? పడమర తట్టు తిరిగి చూస్తే, మలుపుకాడ ఇసక నల్లబడతాంది. నల్లబడతా నల్లబడతా ఇట్ట వస్తాంది, దాని ముందర తెల్లగా నురగ, పుల్లలూ ఆకులూ తోసుకుంటా. ఇట్ట తిరిగి చూస్తే, పిల్లోళ్లు. అప్పటికే పల్లం దాటేసినారు. ఇరవై రెండు మందీ కంచాలు పైకెత్తుకోని, "గుడ్లూ, గుడ్లూ" అని అరుచుకుంటా దిబ్బ మీద పరిగెత్తుకోని వస్తాండారు.

"వెనక్కి పోండి! గట్టెక్కండి!" అని చెయ్యి ఊపె. దూరం గదా, ఇనపడదు. చెయ్యి ఊపితే పిల్లోళ్లకేమనిపిస్తాది? అవ్వ రమ్మంటాంది అనుకున్యారు. ఇంకా గట్టిగా పరుగు. ఆమె డేక్షా ఇసిరి కొట్టింది. అన్నం ఇసకలో పాయె, మూట ఇప్పుకోని గుడ్లు దొర్లె. పిల్లోళ్లు ఒక్క నిమిషం నిలబడిరి, నోళ్లు తెరుచుకోని. నిలబడి మల్ల పరుగు, గుడ్లు ఏరుకునేదానికి! అయ్యో, ఏం చేస్తాది చెప్పు? ఏరొచ్చిందని చెప్తే వాళ్లకేం తెలుసు, ఏట్లో నీళ్లు చూసిన పిల్లోళ్లా వాళ్లు? ఊహ తెలిసినప్పట్నుంచీ కరువే చూసినోళ్లు. నీళ్లంటే ఇంకా ముందుకొస్తారు చూసేదానికి.

అప్పుడామె ఏం చేసిందంటే, తెడ్డు పైకెత్తుకోని పిల్లోళ్ల మీదికి పరిగెత్తింది. "నా కొడకల్లారా, మీ పాడె గట్ట! నరుకుతా ఒక్కొక్కర్ని! పోండి!" అని, జన్మలో ఆడని మాటలు ఆడతా, దొరికినోన్ని దొరికినట్టు తెడ్డుతో కాళ్ల మీద కొట్టె. వీపు మీద కొట్టె. కొంగు జారిపాయె, జుట్టు ఊడిపాయె, కండ్లు ఎర్రగా. పిల్లోళ్లకు ఓబుళవ్వ గాదు, దయ్యమే కనపడింది. కంచాలు యాడియాడ పడేసి కేకలు పెట్టుకుంటా వెనక్కి తిరిగిరి. ఆమె వెనకనే. నిలబడినోన్ని కొట్టు, ఏడ్చినోన్ని కొట్టు. పల్లంలో అప్పటికే చీలమండ నీళ్లు. ఒక్కొక్కర్నీ రెట్ట పట్టుకోని అవతలికి తోసె. ఇరవై మంది, ఇరవై ఒకటి. మల్లీశ్వరి లేదు.

తిరిగి చూస్తే ఆ బిడ్డ దిబ్బ మీద, పక్కగా చుట్టు తిరిగి పోయి గుడ్లు ఏరుకుంటాంది. గౌనులో ఏసుకుంటాంది.

ఓబుళమ్మ వెనక్కి పాయె. చూసినోళ్లు చెప్పినారు, ఆమె వెనక్కి పోతాంటే నీళ్లు మోకాళ్లకు వచ్చినాయంట. పోయి బిడ్డ జడ పట్టుకోని ఈడ్చింది. బిడ్డ గుడ్లు వదల్లేదు, ఆమె కొట్టి వదిలిచ్చింది. గట్టు మీద సిద్ధన్న చూసినాడు. ఆయనకు ఏరు కనపడలేదు, కేకలు ఇని లేచి చూస్తే, ఓబుళమ్మ తన మనవరాల్ని జడ పట్టుకోని ఇసకలో ఈడస్తాంది. "నా బిడ్డను సంపుతాందిరా" అని కట్టె తీసుకోని గట్టు దిగినాడు, ఆమె తల పగలగొట్టేదానికే దిగినాడు. దిగి పల్లంలో కాలు పెట్టినాక తెలిసె, నీళ్లు. ఎర్రటి నీళ్లు, నడుముకొస్తాండాయి. అప్పుడు గాని పడమర తట్టు చూల్లేదు ఆయన.

ఓబుళమ్మ బిడ్డను నెత్తికెత్తుకోని పల్లంలో దిగింది. నీళ్లు ఎదకొచ్చె. ఒగ అడుగు, ఇంకో అడుగు. "మామా, పట్టుకో!" సిద్ధన్న కట్టె పారేసి రెండు చేతులూ చాచినాడు. బిడ్డ చెయ్యి ఆయన చేతికి అందె. అందిన నిమిషంలోనే ఓబుళమ్మ కాళ్ల కింద ఇసక కదిలిపాయె. అంతే. తల ఒకసారి కనపడె, జుట్టు కనపడె, ఆనెక నీళ్లే.

ఊపిరి పీల్చుకోండి, సావలేదు. ఒగ పిలుపు దూరంలో ఏట్లో కంపచెట్టు ఉండె, దాన్ని కరుసుకున్యాది. ముండ్లన్నీ చేతుల్లో దిగినా వదల్లేదు. సిద్ధన్న మనవరాల్ని గట్టుమీద పడేసి, ముసిలోడు, ఊరంతా పరిగెత్తినాడు. ఉన్నోళ్లెవురు? నలుగురు ముసిలోళ్లూ, ఆడోళ్లూ. బావుల్లో నీళ్లున్నప్పుడు కపిల తోలిన పాత మోకులుంటే ముడేసి, ఆయన నడుముకు కట్టుకోని ఆయనే దిగినాడంట. "నువ్వొద్దు, నీకు వయసాయె" అంటే, "నేను కొట్టేదానికి పోయిన మనిషి ఆమె, నేనే పోవాల" అన్యాడంట. ఆడోళ్లు మోకు పట్టుకున్యారు. రెండుసార్లు మునిగినాడు. మూడోసారికి ఆమె రెట్ట దొరికె. లాగితే ఇద్దరూ గట్టున పడిరి, మట్టి ముద్దల మాదిరి.

ఆమె లేచి కూచున్యాది. వణుకుతాంది, మోచేతుల దాకా నెత్తరు. ఎదురుగా పిల్లోళ్లు. "రాండి నాయనా" అని చెయ్యి చాచింది. ఒక్కరూ రాలేదు. చింతమాను ఎనకాల దాక్కున్యారు. ఇన్ని దినాలూ ఎదురుగా పరిగెత్తుకోని వచ్చిన పిల్లోళ్లు, ఆమెను చూసి ఎనక్కి ఎనక్కి జరుగుతాండారు. ఏట్లో ఏడవని మనిషి అప్పుడు ఏడ్చిందంట, మోకాళ్లలో తల పెట్టుకోని.

సిద్ధన్న చూసినాడు. ఏట్లో దిగేముందు గట్టున ఇప్పి పెట్టిన తలపాగా పరుచుకోని ఇంటింటికీ పాయె. "ఒగ గుప్పెడు పిండి ఎయ్యమ్మే. పిల్లోళ్లు పొద్దున్నుంచీ తినలే, ఆ మనిషీ తినలే" అని వాకిలి వాకిలికీ నిలబడి అడిగినాడంట. ఒగరు గుప్పెడు రాగిపిండి, ఒగరు అరసేరు నూకలు, ఇంకొగరు ఎండుమిరపకాయలు. ఉన్నదే అంత. చింతమాను కింద పొయ్యి పెట్టి సంగటి కెలికినారు. ఓబుళమ్మ చేతులు పనికి రావు గదా, కూచుని చెప్తాంది, "నీళ్లు ఎక్కువైనాయి, ఇంకొంచెం పిండి" అని. సిద్ధన్న ముద్ద చేసి మొదులు ఆమె నోటికే పెట్టినాడు. అది చూసి పిల్లోళ్లు ఒక్కొక్కరే జరిగినారు. మల్లీశ్వరి మాత్రం దగ్గరికొచ్చి, మూతి ముడుచుకోని, "నా గుడ్లన్నీ పోగొట్టినావు" అనిందంట. అందురూ నవ్విరి, ఓబుళమ్మ తప్ప.

ఏరు రెండు దినాలు పారి ఎండిపాయె. మూడో దినం నుంచి ఆ పల్లె ముసిలోళ్లే వంతులేసుకోని ఈ గట్టుకొచ్చి డేక్షా మోసకపోయినారు, బడి తెరిచేదాకా. అయివారు అది కూడా చూల్లేదంట, మంచోడు.

ఆమె ఇప్పుడు కూతురి దగ్గర ఉంది. కండ్లు సరిగ్గా కనపడవు. మొన్న ఎవురో పోయి, "అవ్వా, ఇరవై రెండు మందిని బతికిచ్చినావంట గదా" అని అడిగితే, "యాడ నాయనా, ఆ పొద్దు పిల్లోళ్లను కొట్టినా. ఆకలితో ఉన్న పిల్లోళ్లను" అనిందంట. ఇంకేం అడిగినా అదే మాట. ఆమెకు కతంటే అంతే. సరే, నాకు గొంతెండిపాయె, లెయ్యండి. మీ ఇండ్లకాడ పిల్లోళ్లు తిన్యారో లేదో చూసుకోపోండి.