అన్నయ్య తెల్లకోటు

కుట్టు మిషను ఉన్న గది. తల్లి, హాస్టల్ నుంచి ఉన్నట్టుండి వచ్చిన కూతురు.

“మాట దాటెయ్యకమ్మా. ఒక్క నిమిషం మిషను ఆపు.”

“ఆపితే ఈ పరదాలు ఎవరు కుడతారే? కుట్టడానికిచ్చినావిడ సాయంత్రానికల్లా వచ్చి కూర్చుంటుంది. నువ్వు చెప్పు, చెవులిటే ఉన్నాయి.”

“చెప్పాను కదా. మళ్ళీ పోయింది.”

“ఏది?”

“అదే, బీములు, వాటి మీద పడే బరువులు. ఆ పేపరు. రెండోసారి.”

“పోతే మళ్ళీ రాస్తావు. దానికింత మొహం వేలాడేసుకుని రావాలా? ముందు అన్నం తిను.”

“తిన్నాను.”

“ఏం తిన్నావు? మొహం చూడు, ఎలా పీక్కుపోయిందో.”

“అమ్మా, నేను ఇంజినీరింగ్ మానేస్తాను.”

“దారం తెగింది. కాస్త సూదిలోకి ఎక్కించి పెట్టు, నా కళ్ళకి ఆనడం లేదు.”

“విన్నావా?”

“విన్నానే. ముందు దారం ఎక్కించు.”

“ఇదిగో. సోమవారం లోపల కాలేజీలో చెప్పాలి. రెండు డిగ్రీల్లో ఒకటి వదిలేసుకోవచ్చట. లా ఒక్కటే చదువుకుంటాను. లాలో నా మార్కులు నీకు తెలుసుగా.”

“తెలీదు.”

“తెలీదా?”

“నువ్వు చెప్తేగా.”

“నువ్వు అడిగితేగా. ప్రతి ఆదివారం ఫోన్లో ఏమడుగుతావు? ల్యాబులో ఏం చేయించారు, ఆ మిషన్లు ఎలా తిరుగుతాయి, వర్క్‌షాపులో చెయ్యి జాగ్రత్త. లా క్లాసులో ఏం చెప్పారని ఒక్కసారైనా అడిగావా?”

“లా గురించి నాకేం అర్థమవుతుందే?”

“ఇంజినీరింగ్ అర్థమవుతుందా?”

“వాడు చెప్పేవాడు కదా. ఇక్కడే, ఈ మిషను ముందే కూర్చుని. బెల్టు చూపించి, చక్రం చూపించి, ఎంతసేపు చెప్పేవాడో. నా బుర్ర తినేసేవాడు.”

“నేనూ అదే అంటున్నాను. అది అన్నయ్య చదువు. నాది కాదు.”

“మరి ఎందుకు చేరావు? లాయర్నవుతా, లాయర్నవుతా అని చిన్నప్పట్నుంచీ నస పెట్టినదానివి. రెండూ కలిపి చదివే కోర్సు ఉందమ్మా, అదే చేస్తానని నా దగ్గరికి ఎవరొచ్చారు? నేనడిగానా నిన్ను?”

“అడగలేదు.”

“మరి?”

“అన్నయ్య ల్యాబు కోటు ఒళ్ళో పెట్టుకుని కూర్చునేదానివి. పొద్దున కూర్చుంటే పొద్దుగూకేదాకా అంతే. నాన్న వచ్చి లైటు వేస్తేగానీ గదిలో వెలుగుండేది కాదు. నేనా కోర్సు సంగతి చెప్పిన రోజు లేచావు. లేచి నన్ను నిలబెట్టి, ఆ కోటు నాకు సరిచేస్తానని టేపు తీసి భుజాలు కొలిచావు. అమ్మ మళ్ళీ మిషను ముందు కూర్చుందని నాకెంత సంతోషమేసిందో తెలుసా?”

“వాడు ఆ రోజు కోటు వేసుకెళ్ళలేదే. గుండీ ఊడింది, కుట్టి పెట్టమ్మా, రేపు ల్యాబుకి కావాలి అని ఆ కుర్చీ మీద పడేసి పోయాడు. వాడటు వెళ్ళగానే కుట్టేశాను కూడా. ఇంతలో ఆ లారీ...”

“తెలుసమ్మా. వద్దులే.”

“ఊఁ.”

“అక్కడ నా సంగతి విను. పొద్దున ఇంజినీరింగ్ వాళ్ళు లాయరమ్మ వచ్చిందంటారు. మధ్యాహ్నం రోడ్డు దాటి లా బిల్డింగుకి వెళ్తే ఇంజినీరుగారు వేంచేశారంటారు. నవ్వుతూనే అంటార్లే, దానికి బాధ లేదు. ఆ కోటు వేసుకుని ల్యాబులో నిలబడితేనే ఊపిరాడదు. అన్నయ్య అయితే ఈ లెక్క చిటికెలో చేసేవాడు కదా అని అదే ఆలోచన. పోయిన పరీక్షలో ఒక్క ముక్క రాయలేదమ్మా. ఏడుస్తూ కూర్చున్నాను.”

“ఇదంతా నాతో ఎందుకు చెప్పలేదే?”

“నువ్వు మళ్ళీ అలా కూర్చుండిపోతావని.”

“పిచ్చిదానా.”

“నిజం చెప్పు. కూర్చోవా?”

“ఏమో. కూర్చుంటానేమో.”

“చూశావా?”

“నువ్వు ల్యాబు సంగతులు చెప్తుంటే వాడింకా కాలేజీకి పోయొస్తున్నట్టే ఉండేదే. నీ ఫోను కోసం కళ్ళు కాయలు కాచేలా ఎదురుచూసేదాన్ని. గొంతేమో నీది, నాకు మాత్రం వాడే చెప్తున్నట్టుండేది.”

“నేనూ ఉన్నానమ్మా.”

“ఉన్నావు తల్లీ. ఉన్నావు. ఇలా రా, దగ్గరికి రా. కోటు తెచ్చావా?”

“బ్యాగులో ఉంది. ఎందుకు?”

“ఇటివ్వు. ల్యాబు లేనప్పుడు కోటు నీకెందుకు?”

“కోపమా?”

“కోపం కాదే. సోమవారం వెళ్ళి చెప్పెయ్. లా చదువుకో. క్లాసులో ఏం చెప్పారో వచ్చే ఆదివారం నాకు చెప్పు, వింటాను. అర్థం కాకపోతే మళ్ళీ మళ్ళీ అడుగుతాను, విసుక్కోకు. ఆ చిన్న కత్తెర అందుకో.”

“కత్తెరెందుకు? దాన్ని పాడుచెయ్యకమ్మా. ఎలాగూ నా కొలతకి కోసేశావు, ఇంకెవరికి పనికొస్తుంది? నా దగ్గరే దాచుకుంటాను.”

“కోశానని ఎవరు చెప్పారు?”

“కొయ్యకుండా ఎలా? అన్నయ్య చేతులు నాకంటే జానెడు పొడుగు. భుజాలు చెప్పక్కర్లేదు.”

“లోపల తిప్పి చూడు.”

“అమ్మా, ఇంత బట్ట లోపలే ఉందేంటి? చేతుల దగ్గర ఎప్పుడూ ఒకటే బరువు, నేను ఆ గుడ్డే మందం అనుకున్నాను. ఎందుకుంచావు ఇదంతా?”

“ఒక్క పోగు కూడా కత్తిరించలేదే. అంతా లోపలికి మడిచి కుట్టాను. కుట్లు విప్పితే మళ్ళీ వాడికి సరిపోతుంది.”