ఇటుకకీ సున్నానికీ చెడింది

హలో… ఆ, నేనే, బావనే. చెప్పరా కాంపౌండరూ… గొంతు పైనుంచి వస్తున్నట్టుందా? గడ్డివామి ఎక్కాను మరి… సిగ్నలు కోసం కాదు, ప్రాణం కోసం.

… గుర్రాలేరా. మన ఇటుకా, సున్నమూ. ఇంకెవరి గుర్రాలకి భయపడతాను నేను?

… లారీ బయల్దేరిందా! అప్పుడే?… పావుగంటలో వచ్చేస్తాడా… ఊఁ… లేదు. ఏ గుర్రాన్ని ఎక్కించాలో ఇంకా తేల్చుకోలేదు.

… తెలుసురా, ఒకణ్ణి పంపించేస్తానని నీతో అన్నది నేనే. ఇద్దర్నీ ఒకచోట ఉంచితే ఒకడు రెండోవాణ్ణి చంపేస్తాడు, నిజమే. ఆ గుర్రపుస్వారీ బడివాళ్ళు మేత బాగా పెడతారు, అదీ నిజమే. నువ్వు మీ పశువుల ఆసుపత్రిలో పదిమందినడిగి కుదిర్చావు, కాదన్లేదు. కానీ కుడిచెయ్యి తీసెయ్యనా, ఎడమచెయ్యి తీసెయ్యనా అంటే ఎవడు మాత్రం ఏం చెబుతాడు?… జోడుకి చేసిన బండి ఒక గుర్రంతో కదలదురా. ఒకడు పోతే బండీ పోయినట్టే. మిగిలినవాణ్ణి ఎదురుగా కట్టేసుకుని కథలు చెప్పుకోవాలి.

… పోట్లాట అంత పెద్దదా అంటావేంటి! నిన్న మీ అక్క నీళ్ళ బాల్చీ తెచ్చి వాళ్ళ మధ్య పెట్టింది. ఇటుక ఒక్క తన్ను తన్నాడు. బాల్చీ పైకి లేచింది… ఇంకా దిగలేదు.

… కోతలా? రా, వచ్చి వెతుక్కో. దొరికితే నీకే.

… సరే, సరే. పక్కింటి టైలరు పెంకుల మీద దిగింది. పెంకులు సర్దితే గానీ బాల్చీ ఇవ్వనంటున్నాడు.

— ఆ, అదేరా నాకూ అంతుపట్టనిది! పదకొండేళ్ళు! అతుక్కుపోయి తిరుగుతారనే కదా ఇటుకా సున్నమని పేర్లు పెట్టాం? ఒకడికి జలుబు చేస్తే రెండోవాడు తుమ్మేవాడు. ఒక తొట్టిలో రెండు మూతులు. వీడి మీది ఈగల్ని వాడి తోక తోలేది… స్టేషను రోడ్డులో బండి తోలుకెళ్తుంటే, రెండు గుర్రాలా, ఎనిమిది కాళ్ళ ఒకే గుర్రమా అని జనం ఆగి లెక్కపెట్టుకునేవాళ్ళు. ఇప్పుడు పచ్చగడ్డి వేస్తే భగ్గుమంటోంది.

… వేసి కూడా చూశాను. భగ్గుమనలేదు గానీ ఇద్దరూ ముట్టలేదు. టైలరు మేక వచ్చి తినిపోయింది.

… ఇంట్లోనా? ఇల్లు రెండు పార్టీలయింది. మీ అక్క సున్నం పక్షం. పాపం తెల్లవాడు, నోట్లో నాలుక లేనివాడు అంటుంది. నా టోపీ నమిలేసింది ఆ లేని నాలుకేనే అంటే వినదు. కోడలు ఇటుక పక్షం. అత్తాకోడళ్ళకి మాటల్లేవు. కూరలో ఉప్పు తక్కువైతే కోడలు నాతో అంటుంది, నేను మీ అక్కతో అంటాను, మీ అక్క నన్ను తిడుతుంది… మీ మేనల్లుడా? వాడు తెలివైనవాడురా, ఆఫీసులో పని ఎక్కువైందంటున్నాడు.

… ఎందుకు చెయ్యలేదు, అన్నీ చేశాను! పెద్దమనుషుల్ని పిలిచి రాజీ పెట్టించాను… నవ్వకు. టైలరు, రిటైరైన హెడ్మాస్టరు, సైకిళ్ళు బాగుచేసే ఆయన. ముగ్గురూ పాక ముందు కుర్చీలేసుకుని కూర్చున్నారు. హెడ్మాస్టరు ముందు ఇటుక వాదన వింటానన్నాడు… ఎలాగంటే, వాడి మూతి దగ్గర చెవి పెట్టి విన్నాడు. అక్కడే పొరపాటు జరిగింది.

… ఉందిలే. చెవి ఉంది. కట్టు కట్టారు.

… పాత ఫొటో కూడా చూపించాను. ఇద్దరూ మెడ మీద మెడ వేసుకుని తీయించుకున్నది ఉంది చూడు, అది. సున్నం ఉన్న సగం కచ్చితంగా మడత మీద చింపి మింగేశాడు ఇటుక… నేను కళ్ళారా చూడలేదు గానీ, ఇప్పుడు ఫొటోలో ఒకడే ఉన్నాడు.

… సరే, వెటకారం మానేస్తాను. అడుగు. నువ్వు కాంపౌండరువి, నేను పేషెంటు తండ్రిని. అడుగు.

… మొదలుపెట్టేదా? ఇటుకే. ఎప్పుడూ ఇటుకే. సున్నం మామూలుగా వచ్చి మెడకి మూతి ఆనిస్తాడు, పాత అలవాటు. అంతే, వీడు నిప్పు తొక్కినట్టు ఎగిరిపడి పళ్ళు దించుతాడు. కరిపించుకుని కరిపించుకుని సున్నానికీ రోషం వచ్చింది. ఎంతకని పడతాడు, వాడూ గుర్రమే కదా.

… ఎప్పట్నుంచంటే… మూడు వారాలు. బండికి కొత్త బోర్డు కట్టిన మర్నాటి నుంచి.

… ఏం మారలేదు. అదే మేత, అదే నీళ్ళు, అదే పాక. నాడాలు కూడా పాతవే. మూడో గుర్రం ఎవరూ రాలేదు…

… చోటా? చోటు మారిందిలే. అదేం పెద్ద విషయం కాదు… చెబితే నవ్వుతావు… ముందు నవ్వనని ఒట్టు వెయ్యి.

… బోర్డు మీద మన జోడు బొమ్మ వేయించాను కదా. పెయింటరు బ్రహ్మాండంగా వేశాడు, నా మీసంతో సహా దించేశాడు. కానీ ఇటుకని కుడివైపు వేశాడు. మన ఇటుక మొదట్నుంచీ ఎడమవైపు గుర్రం కదా… తుడిచి మళ్ళీ వెయ్యమంటే ఏడుపుమొహం పెట్టాడు. నాకూ మనసొప్పలేదు, బొమ్మ అంత బాగుంటే. అందుకని…

… అవును. గుర్రాల్నే మార్చేశాను.

… నవ్వనని ఒట్టేశావు!

… బండికీ, పాకలోనూ కూడా. బోర్డుకి తగ్గట్టు అలవాటు పడతారని… బావమరిదీ? ఉన్నావా? ఏంటి, నవ్వు ఆగిపోయింది?

… కన్నా? ఎవరి కన్ను?… ఇటుకదా. ఇప్పుడే చూడాలా? దిగి?… నిచ్చెన మీ అక్క పట్టుకుపోయింది. ఇటుకని తిట్టేదాకా ఇవ్వదట… ఆగు, జారుతున్నా—

… హా. దిగాను. సగం వామి నాతోనే దిగింది.

… వెళ్తున్నా, వెళ్తున్నా. ఒరేయ్ ఇటుకా, నేనురా, పీకడానికి టోపీ కూడా లేదు… ఆ, ముందు కుడి కన్నా? చెయ్యి ఊపుతున్నా… రెప్ప వేశాడు. మొహం తిప్పుకున్నాడు కూడా.

… ఇప్పుడు ఎడమ.

…

… లేదు.

… దగ్గరగానే ఊపుతున్నానురా. ఇంకొంచెమైతే వేలు తగులుతుంది… రెప్ప కదలడం లేదు.

… ఉండు, వెలుగులోకి తిప్పుతాను… లోపల పాలచుక్క వేసినట్టుంది… ఇది మూడు వారాల పని కాదంటావా?… ఏళ్ళా?

… అంటే… ఎడమవైపు ఉన్నన్నాళ్ళూ ఆ కన్ను రోడ్డు అంచుకి ఉండేది. కనబడే కన్ను పక్కన సున్నం ఉండేవాడు. నేను తెచ్చి సున్నాన్ని ఆ చీకటివైపు నిలబెట్టాను. ఉన్నట్టుండి ఏదో వచ్చి మెడకి తగులుతుంది, ఎవడో ఏంటో తెలీదు… కరవక ఏం చేస్తాడు?

… లేదురా, నేను నవ్వడం లేదు.

… మార్చాను, ఇదిగో, ఒక్క చేత్తోనే… ఇటుక ఎడమకొచ్చాడు. సున్నాన్ని కుడివైపు తెస్తున్నా. మెల్లగా… కోడలు కిటికీలోంచి చూస్తోంది. మీ అక్క కూడా. ఒకే కిటికీలోంచి.

… చూశాడు. ఇటుక చెవులు వెనక్కి పెట్టాడు… లేదు లేదు, ముందుకొచ్చాయి.

… మెడ మీద గడ్డం ఆనించాడు బావమరిదీ. సున్నం కదలకుండా నిలబడ్డాడు. ఊపిరి కూడా బిగబట్టినట్టున్నాడు.

… ఆ… ఇప్పుడు గుర్తొస్తోంది. ఎడమ మలుపు వచ్చినప్పుడల్లా సున్నం ఒక క్షణం ముందే ఒరిగేవాడు, ఆ తర్వాతే ఇటుక తిరిగేవాడు. వంతెన కింద కూడా అంతే. బద్ధకంలే అని ఇటుకనే అదిలించేవాణ్ణి… పగ్గాలు నా చేతిలో ఉన్నాయని, నడిపేది నేనేనని ఇన్నేళ్ళూ ఊరంతా చెప్పుకు తిరిగాను.

… నీకూ వినిపించిందా హారను? వచ్చేశాడు.

… వెనక్కి పంపించెయ్యనా? నీ మాట పోతుందేమో… స్వారీ బడివాళ్ళకి ఏదో ఒకటి చెప్పు. మా బావకి మతి పోయిందని చెప్పు, నాతో ఒకసారి మాట్లాడినవాళ్ళెవరైనా నమ్ముతారు.

— ఏయ్ డ్రైవరూ! ఆ తలుపు దించకు!… ఏ గుర్రమేంటయ్యా, ఏదీ కాదు!… వినబడటం లేదురా వాడికి, ఇంజను మోత. తాడు పట్టుకుని వచ్చేస్తున్నాడు… ఎడమవైపు నుంచి వస్తున్నాడు! — బాబూ, అటు కాదు, వాడికి నువ్వు కనబడవు! కుడివైపు నుంచి రా, కుడివైపు! — పెట్టేస్తున్నా బావమరిదీ, నాకు రెండు చేతులూ కావాలి—