ఆఖరి పాట చివర కూత నేనే ఆపాను

నా పేరు గుర్రం నతానియేల్. తండ్రి కాలేబ్. వయస్సు 43. సొంతూరు పశ్చిమ గోదావరి జిల్లా నరసాపురం. మస్కట్, ఘాలాలోని ఒక సౌండ్ కంపెనీలో పదకొండేళ్ళుగా మిక్సర్ ఆపరేటర్‌ని. నేను తెలుగులో చెబుతుంటే కడప సమీయుల్లా గారు పోలీసు అధికారి గారికి అరబ్బీలో చెబుతున్నారు. ఇదే సంగతి చెప్పడం ఇది నాలుగోసారి.

12-3-2015 గురువారం సాయంత్రం 5 గంటలకు బీచ్ హోటల్లో ఇంగ్లండు రాక్ బ్యాండు ప్రోగ్రాం. నాకిచ్చిన చీటీలో పద్నాలుగు పాటలున్నాయి. పద్నాలుగోది 6.40కి అయిపోయింది. గిటారు వాయించే డెరెక్ గారు గిటారును స్పీకరుకు ఆనించి లోపలికి వెళ్ళిపోయారు. స్పీకరు కూత పెట్టింది. మరిచిపోయారనుకున్నాను. నేను చర్చిలో మైకు పెట్టి పని నేర్చుకున్నవాణ్ణి. ప్రార్థనలో మైకు కూస్తే పాస్టరు గారు కళ్ళు తెరిచి నావైపు చూసేవారు. అంతకన్నా అవమానం లేదు. వెంటనే గిటారు లైను తగ్గించేశాను.

డెరెక్ గారు పరుగున వచ్చి నా కాలరు పట్టుకున్నారు. అరుపుల్లో నాకు అర్థమైంది చెబుతున్నాను. బ్యాండు పెట్టి ఇరవై రెండేళ్ళట. మొదట ఐదుగురు. రెండు ఆల్బములు బాగా ఆడాయి, మూడోది పోయింది. ఇద్దరు మానేశారు, డ్రమ్ములాయన చనిపోయారు. ప్రతి ప్రోగ్రామూ ఆ కూతతోనే ముగుస్తుందట, అది దానంతటదే ఆగేదాకా ఎవరూ ముట్టుకోరట. ఇది వాళ్ళ ఆఖరి ప్రోగ్రాం, వీడియో కూడా తీస్తున్నారు.

అయ్యా, కూత కూడా పాటే అయితే చీటీలో రాయొద్దా? పద్నాలుగు పాటలు రాసిన చేతికి పదిహేనో లైను బరువైందా?

తర్వాత ఆయన స్టేజీ మెట్ల మీద కూర్చుని ఏడ్చారు. యాభై ఏళ్ళ మనిషి. నాకు బాధేసింది. కూత మళ్ళీ పెట్టిస్తాను రమ్మన్నాను. అప్పటికే జనం లేచి వెళ్ళిపోతున్నారు.

మేం కావాలని చెడగొట్టామని ఆయన ఫిర్యాదు ఇచ్చారు. ఈ ఉదయం 9 గంటలకు స్టేషన్ బయట మా మేనేజరు నిజాముద్దీన్ గారు నాతో, "అరే భాయ్, మిషన్ ఖరాబైందని చెప్పు, ఖతం. నేనే ఆపిన అన్నవంటే వీసా క్యాన్సిల్ జేసి ఇంటికి తోలిస్త" అన్నారు.

మిషన్ చెడలేదు. రోజూ దాన్ని తుడిచేది నేనే, కవరు కప్పేది నేనే. కూత నేనే ఆపాను. కావాలనే ఆపాను. అంతమంది ముందు ఆయన పరువు పోతుందని ఆపాను.

రాసినదంతా సమీయుల్లా గారు చదివి వినిపించారు. మిషన్ చెడిందన్న మాట ఇందులో ఎక్కడా లేదు కదా అని రెండుసార్లు అడిగి, లేదన్నాక, ఉన్నదున్నట్టు చెప్పానని ఒప్పుకుని సంతకం చేశాను.

(సం.) గుర్రం నతానియేల్
14-3-2015, ఉదయం 11.20