బీడీల చాట ముందు గ్రీకు పాఠం

మర్నాడు కాలేజీలో గ్రీకు తత్వం మీద మొదటి పాఠం చెప్పబోయే కూతురు, ఒళ్లో చాట పెట్టుకుని బీడీలు చుడుతున్న తల్లి ముందు కూర్చుంది.

"పిల్లలు చేరకుంటే గీ క్లాసు తీసేస్తరవ్వా. జర విని చెప్పు."

"చెప్పు బిడ్డా. పని చేతులకే, చెవులు ఖాళీ."

"ధైర్యమంటే ఏంది?"

"భయపడకపోవుడు."

"బాపు దుబాయ్‌ల ఉన్నప్పుడు మమ్ముల ఒక్కదానివే సాదినవు. భయపడలేదా?"

"రోజూ భయపడ్డ."

"అయితే నీకు ధైర్యం లేదన్నట్టా?"

ఎన్నడూ ఆగని ఆ వేళ్లు తునికాకు మీద ఆగిపోయాయి.

"గా గ్రీకోళ్లు దీనికి జవాబు చెప్పిన్రా?"

"లేదవ్వా. అడిగి ఇడిచిపెట్టిన్రు."

"అయితే రేపు నన్ను గూడ తోల్కపో."

"చాట తెచ్చుకుంటవా?"

"ఇంట్లనే పెట్టొస్త. గీ ముచ్చట వినుకుంట చేతులు ఆడయి."