పడవెనుక కిర్రు టప్పు

హలో… ఆ, నేనే! మీ బావను, సాయిలును. బామ్మర్దీ, వీరేశం, జర గట్టిగ మాట్లాడు. లైన్ల గాలి ఇనబడ్తుంది, నువ్వు ఇనబడ్తలేవు…

ఏడికెళ్లా? దొర నీళ్ల బంగ్లాల కెళ్లి. ఆ, చెరువు నడుమ… తమాషా గాదు! పడవ ఆగింది, గొడవ మొదలైంది.

…దొర ఏడున్నడు? జాగీర్లు ఎత్తేసిన కాడికెళ్లి పట్నంలనే ఉంటుండు, ఈ దిక్కు మొకం పెడ్తలేడు. నీళ్ల నడుమ కూసోని పాన్లు తెప్పిచ్చుకునేతందుకు ఏపిచ్చిన ఫోను గిది. ఆయన పాన్‌కు పనికొచ్చింది, ఇయ్యాల నా పానానికి పనికొస్తదేమో చూడాలె.

…మీ సేటు కోపం జేస్తడా? చెయ్యనీ. లింగంపల్లి మొత్తంల మోటర్ల రోగం తెలిసినోడివి నువ్వే. నాకు నడుపుడు తెలుసు, నయం జేసుడు తెల్వదు…

ఇను మరి. ఇయ్యాల సర్కారు సాబు వస్తుండు, జీపుల. దొర సామాన్లన్నీ సర్కారుకు పోతున్నయి గదా… ఆయన కట్ట మీద నిలబడి చూస్తడంట. పడవ దాని మోటరు మీద అది ఒడ్డుకొస్తే సర్కారు పడవ, నేను సర్కారు నౌకరు. రాకుంటే పడవ పాత ఇనుము, నేను పాత మనిషి. నిన్న మొకం మీదనే చెప్పిండు. జాగీరు పోయింది, దొర జాగ పోయింది, ఇగ నా జాగ మిగిలింది…

ఎప్పుడా? పొద్దు నెత్తి మీదికొచ్చేసరికి. ఇప్పుడు చెవి దాటింది.

…తెడ్లా? నిన్ననే సాబు మనుషులు తెడ్లన్నీ కొట్టంల ఏసి తాళమేసిండ్రు. వెదురు గడె ఉన్నది, అడుగు అందది… ఈత? నాకొస్తది. మీ అవ్వకు ఈ వయసుల ఈత ఎవలు నేర్పాలె?

…ఆ. మీ అవ్వ, అదే మా అత్త గూడ ఉన్నది.

…అరె, నేను తీస్కరాలే! ‘ఇన్నేండ్లు ఊడ్చిన బంగ్లా, దుమ్ముతోని సర్కారుకు అప్పజెప్తే భాగ్యమ్మ పేరేం గావాలె’ అని తనే ఎక్కి కూసున్నది. మంచిగ ఊడ్చింది. అద్దం లెక్క ఊడ్చింది. ఇప్పుడు నా నౌకరి ఊడ్తది.

…రోగం చెప్త, ఆగు. పొద్దున ఒడ్డు కాడ మోటరు మంచిగనే లేసింది. జర దూరం వచ్చినంక ఎనుక కెళ్లి చప్పుడు… ఎట్లంటే? ఫోన్ల ఎట్ల జెయ్యాలె… సరే, నవ్వొద్దు మల్ల. కిర్రు… కిర్రు… టప్పు. కిర్రు… కిర్రు… టప్పు…

నవ్వొద్దన్ననా! …మీ సేటు గూడ ఇంటుండా? ఇననీ. పైస లేకుంట నాటకం.

…ఏందీ? మీ నాయిన నడిచొచ్చినట్టున్నదా?

…ఆ, నిజమే. నాకన్న ముందు ఈ పడవ నడిపిన మొగిలి మామ కిర్రుచెప్పులేసుకోని కట్ట మీద వస్తుంటే, మనిషి కనబడకముందే మేమంతా బీడీలు దాస్తుంటిమి. గా చప్పుడే. మనిషి పోయిండు, చప్పుడు నా పడవెనుక పడ్డది. నీకు యాదికొచ్చింది, నాకు వ్యాధొచ్చింది…

జోరుగ తిప్పితేనా? జోరుగ తిప్పితే జోరుగ నడుస్తుంది. కిర్రుటప్పు కిర్రుటప్పు. మెల్లగ తిప్పితే కాళ్లు నొచ్చినోని లెక్క ఈడుస్తుంది… బంగ్లా మెట్ల కాడికొచ్చినంక ‘గుర్ర్’ అని ఆగింది. ఇగ లేస్తలేదు. ఇంజను తాడు గుంజీ గుంజీ నా రెక్క జారింది. ఒక్కసారి దగ్గుతది, పడుకుంటది…

పెట్రోలున్నది. …నూనె గూడ కలిపిన. …ప్లగ్గు ఇప్పి, తుడిచి, మల్ల బిగిచ్చిన. నిప్పొస్తుంది… అరె, కడుపుల రోగం గాదు బామ్మర్దీ, తోకల రోగం! చప్పుడు నీళ్లల్ల కెళ్లి వచ్చింది.

…నాచా? నాచు చుట్టుకుంటే టప్పు అంటదా? …పన్ను ఇరిగిందంటవా? ఎవలది? ఓ, మోటరు లోపటి పన్నా…

నీళ్లల్ల తిరిగే పంకానా? చూడలే… ఎందుకు చూడలేదంటే, దాని ముంగట మీ అవ్వ కూసున్నది! మోటరుకు ఈపు ఆనిచ్చి, కొంగు పరిచి. జరుగత్తా అంటే జరగది. ‘పంకా మంచిగనే ఉన్నది, ఏరే కాడ చూస్కో’ అంటది. పిల్లనిచ్చిన అత్తను చెయ్యివట్టి జరుపుతనా? రాత్రి మీ అక్క నీలమ్మ నన్ను ఇంట్లకెళ్లి జరుపుతది…

నువ్వు చెప్పుమంటున్నవా? సరే, కిటికీ కిందనే ఉన్నది. అత్తా! ఓ అత్తా! ఫోన్ల నీ కొడుకు! జర పక్కకు జరగమంటుండు!

…లేసింది. చూసినవా? అల్లుడు బతిలాడితే కదలలే, కొడుకు పేరినంగనే లేసింది. ఉండు, దిగుత. చెప్పులు విడువనీ… ఆ మరి? పడవల చెప్పులతోని అడుగుపెడ్తే మీ నాయిన పైకెళ్లి దిగొచ్చి తంతడు. ఫోను పెట్టెయ్యకు! ఎక్స్చేంజి సాబూ, నీకు దండం, లైను తెంపకు…

………

హలో. ఆ, మల్ల నేనే.

…దొరికింది. పంకాకు తాడు చుట్టుకున్నది. తాడు చివరకు చెప్పు… చెప్పు బామ్మర్దీ, చెప్పు! …నేనేం చెప్పాలె అంటవేంది, కాలి చెప్పు!

…ఎవలో ఏందీ, మీ అవ్వనే గట్టింది. దిష్టికి! లారీలెనుక గడ్తరు సూడు, గట్ల. అల్లునికి సర్కారు నౌకరి వస్తుందంటే మాదాపూర్ల ఎవల కండ్లన్న పడ్తయని, తెల్లారక ముందే వచ్చి గట్టిపోయిందంట. చెప్తే దిష్టి పోదంట, గందుకే పొద్దటి సంది నోరు ఇప్పలే. నాకు దిష్టి తగల్లే, పంకాకు చెప్పు తగిలింది…

తాడు ఇప్పిన. చెప్పే వస్తలేదు. గట్టి తోలు, పంకా రెక్కకూ చట్రానికీ నడుమ దూరి మేకు లెక్క కూసున్నది… గుంజిన. కాలు తన్నివెట్టి గుంజిన…

కత్తితోని కోయాల్నా? నేను గూడ గదే అనుకున్న. కత్తి తీసిన. మీ అవ్వ నా చెయ్యి పట్టుకున్నది.

…పాత చెప్పే. పాత చెప్పుకు అంత లొల్లి ఎందుకంటే… వీరేశం, జర నిమ్మలంగ ఇను. అది కిర్రుచెప్పు.

…ఆ. గదే. కుడికాలిది.





…ఏడ దొరికిందంటవా? 

…సందుగుల, చీరెల కింద దాచిపెట్టుకున్నదంట. మాకెవలకు తెల్వదు, నీలమ్మకు గూడ తెల్వదు. ‘ఈ చెరువు మీ మామను ఎన్నడు ముంచలే, ఆయన చెప్పు ఎంబడుంటే నిన్ను గూడ ముంచది’ అంటుంది… నేనేమనాలె చెప్పు. నా మీద ప్రేమతోని, పావురంతోనే గట్టింది. గా పావురమే నన్ను గీడ కట్టేసింది.

…కోసెయ్యిమంటవా, వద్దంటవా? ఒక్క మాట చెప్పు. నీ నాయిన చెప్పు అది, నా ఒక్కని చేతుల లేదు…

ఆగు ఆగు. కట్ట మీద దుమ్ము లేస్తుంది. …జీపే. హఫీజ్‌పేట దిక్కుకెళ్లి వస్తుంది.

…కోస్తే అత్త మనసు తెగుతది. కొయ్యకుంటే నా బువ్వ తెగుతది. సుట్టూత నీళ్లు, నోట్ల తడి లేదు… ఎప్పుడు ఏదో ఒకటి అని నవ్విస్త గదా, ఇప్పుడు ఒక్క మాట దొరుకుతలేదు బామ్మర్దీ. ఏదన్న చెప్పు. జల్ది చెప్పు…

ఏందీ?

…మల్ల అను.

…ఆ. ఆ, నిజమే గదా… నేనే ఇప్పుడు అంటి, నా బుర్రకే తట్టలే…

నువ్వే చెప్పు మీ అవ్వకు, ఫోను కాడికి పిలుస్త. …నన్నే చెప్పుమంటవా? సరే. సరే, నేనే చెప్త.

అత్తా! ఇటు చూడు! నీ కొడుకు ఏమంటుండంటే… మామ ఎన్నడన్న చెప్పులేస్కోని పడవెక్కిండా? ఎండల, వానల, ఒడ్డున విడిచే గదా ఎక్కెటోడు! తల్లి ఒళ్లెకు చెప్పులతోని పోతమా అని మమ్ముల కొట్టెటోడు గదా! నువ్వేమో ఆయనకు చెప్పు తొడిగి ఎక్కిచ్చినవ్… నాయినకు ఎట్లుంటదో అడుగుమంటుండు!

…

… కూసున్నది. పంకా దిక్కే చూస్తుంది.

…ఏడుస్తుందో నవ్వుతుందో ఎరుకలేదు, కొంగు అడ్డమున్నది…

ఏదో అంటుంది, ఆగు. ‘ఔ గదా, ఎట్ల మర్సిపోతి… గందుకే ఆయన పొద్దటి సంది తన్నుతుండు’ అంటుంది.

…కత్తి అడుగుతుంది.

ఇయ్యాల్నా? …తీస్కో అత్తా. పైలం! రెక్కకు పదునున్నది, చెయ్యి తెగుతది!

…ఆమెనే కోస్తుంది. నన్ను ముట్టనిస్తలేదు… నువ్వే నయం, నీకు ఇనుడే ఉన్నది, నాకు చూసుడు గూడ ఉన్నది…

…సగం తెగింది.

…తెగింది. తెగింది బామ్మర్దీ! పంకా ఒట్టి చేతికి తిరుగుతుంది! ఉండు, మోటరు గుంజొస్త…

………

హలో! ఇనబడ్తుందా? …ఇను, ఫోను కిటికీకి పెడ్త.

…ఇన్నవా? కిర్రు లేదు. టప్పు లేదు. వెన్నల కత్తి దిగినట్టు నడుస్తుంది.

…మెట్లకు కట్టేసొచ్చిన. మీ అవ్వ ముంగటికొచ్చి కూసున్నది, ముక్కలు రెండూ కొంగుల మూటగట్టి ఒళ్లె పెట్టుకున్నది. ఒడ్డు మీద దింపుతదంట. ఆయన చెప్పుల జాగ ఒడ్డే అంటుంది…

జీపు హారన్ గొడ్తుంది. సాబు దిగిండు. ఇగ ఉరకాలె…

లేదు లేదు, ఫోను పెట్టెయ్య. గీ కిటికీల పండవెడ్త. పడవ ఒడ్డు దాక పోయేది నువ్వు గూడ ఇను. మీ సేటు ఏమన్న అంటే, నాయిన పోతుండు, సాగనంపుతున్న అని చెప్పు.

…చెప్పులా? ఆ, విడిచిన బామ్మర్దీ. నేను విడిచిన, మీ నాయిన గూడ విడిచిండు. ఇగ ఇను…