గడ్డే అన్నాను

అబ్బబ్బ, గ్లాసుడు నీళ్ళడిగితే అలా ఠంగుమని పెట్టాలా అక్కా? నీ తోడికోడలినేగా, పగదాన్ని కాదుగా! మిట్టమధ్యాహ్నం డ్యూటీలోంచి పరిగెత్తుకొచ్చాను. అరగంటే ఇచ్చాడు సూపర్‌వైజరు.

నా చొక్కా వంక అలా చూడకు. ఇది వేసుకోకపోతే గేటు దాటనివ్వరు. పచ్చ కరెంటు కదా మరి! ఉన్న పచ్చదనమంతా పీకేసి, చేను నిండా సోలార్ పలకలు పరిచి, దానికి పచ్చ కరెంటని పేరెట్టారు. చొక్కాలన్నా పచ్చవి కుట్టించకపోతే జనం నమ్మొద్దూ?

ఆ చిక్కుళ్ళు వలుస్తూనే విను. ఇటు జరుపు, నేనూ నాలుగు వలుస్తాను. వద్దా? సరే.

రేపు విచారణకి ఆఫీసరొస్తున్నాడని నాకూ తెలుసు. పలకల కింద పోయిన ఆ నాలుగెకరాలూ తొమ్మిదేళ్ళు మేమే కౌలుకి చేశాం, బదులు భూమి చూపించండి అంటావు. కాగితమేదీ అంటాడు. ఏముంది కనక? భూమి ఆసామి మాటిచ్చాడు, బావగారు తలూపారు. అంతేగా! నోటిమాట కౌలు నీళ్ళ మీద రాతక్కా అని ఆనాడే మొత్తుకున్నానా లేదా? "చిన్నదానివి, నీకేం తెలుసే" అన్నావు.

ఇప్పుడు సాక్షి కావాలి. ఆ సాక్షి నేనవ్వాలి. ఊళ్ళో ఇంకెవరూ లేరా? ఓహో, అందరూ ఆసామి నీడన బతికేవాళ్ళేనా... అవునులే.

ఒక మాట చెప్తాను. మధ్యలో లేచిపోకు.

పోయినేడు ఒక మధ్యాహ్నం సోలార్ వాళ్ళ సర్వేకని ఒక అమ్మాయొచ్చింది. నీకు తెలీదు, నువ్వు ఇంట్లో ఉన్నావు. ఆ ఎండలో చేలో ఎవరుంటారు? తెల్లారకముందే వెళ్ళి, ఎండెక్కకముందే వచ్చేస్తాం. ఆ ముక్క చదువుకున్నవాళ్ళకి ఎవరు చెప్పాలి! నేనొక్కదాన్నే ఉన్నాను. కొడవలి మర్చిపోయానని నీతో చెప్పి వెళ్ళానే, ఆ రోజే. కొడవలి నా కొంగు చాటునే ఉందక్కా. ఆసామి ఉండమన్నాడు, ఉన్నాను.

ఆ పిల్ల చేతిలో ఫోను, ఫోను నిండా ప్రశ్నలు. "ఈ భూమి మీద ఆధారపడ్డ కుటుంబాలెన్నండీ?" అంది. ఆ లెక్కలో పడితేనే బదులు భూమి. తల వంచి చూసింది. నీ పెసర అప్పుడే రెండాకులేసింది. దువ్వెనతో పాపిడి తీసినట్టు సాళ్ళు.

"పచ్చగా ఇదేంటండీ?" అంది.

గడ్డి, అన్నాను.

అలా చూడకక్కా.

"గడ్డి వరసల్లో మొలుస్తుందా?" అంది. పాపం, మరీ మొద్దేం కాదు. "పాత సాళ్ళలో నీరు నిలుస్తుందమ్మా, అక్కడే మొలుస్తుంది" అన్నాను. ఎంత చక్కగా వచ్చిందనుకున్నావు అబద్ధం! ఫోనులో సున్నా కొట్టుకుని వెళ్ళిపోయింది.

ఉద్యోగం కోసమేనా అంటావా? దానికోసమే. చేలో కౌలుదారులెవరూ లేరని చెప్తే, పలకలు కడిగే పని నాకే ఇప్పిస్తానన్నాడు ఆసామి. కానీ... తొమ్మిదేళ్ళు నీ చేలో వంగాను. పైరు నీది, నడుము నాది. ఒక్కనాడు "మన చేను" అన్నావా నువ్వు? "మా చేలో కలుపుకి రావే" అనేదానివి. ఆ పూట అదే మాట చెవిలో తిరిగింది. తప్పు నీమీదికి నెట్టడం లేదు. ఉన్నది చెప్తున్నాను.

మొన్నేమైందో తెలుసా? పలకలు కడిగిన నీళ్ళు కారే చోట, ఇనపస్తంభం మొదట్లో పెసర మొలిచింది. ఎన్నాళ్ళ గింజో ఏమో, నీ చేత్తో విత్తిందే. సూపర్‌వైజరొచ్చి ఏంటది అన్నాడు.

గడ్డి సార్, అన్నాను.

పీకెయ్యమన్నాడు. పీకేశాను. వేరుకి పట్టుకున్న మట్టి ఎంత విదిలించినా రాలలేదు... ఛీ, నాకెందుకు ఏడుపు? నువ్వేడవాలి గానీ.

రేపు నన్ను పిలవకక్కా. ఆఫీసరు ముందు నిలబెట్టావంటే మూడోసారీ నా నోట గడ్డే వస్తుంది. నా సంగతి నాకు తెలుసు.

వస్తాను మరి, టైమైంది. గ్లాసు అక్కడుంచు, నేనే కడిగి బోర్లిస్తాను. ఇప్పుడు నాకొచ్చిన పని అదొక్కటేగా.